తుపానుల బలమును ఉపగ్రహ చిత్రములతో పోల్చుట – రైతు తెలిసికొనవలసినది

(తీరప్రాంత రైతుల సమావేశములో వ్యవసాయశాస్త్ర ఉపన్యాసకుడొకరు చేసిన ప్రసంగ పాఠము)



ఆశ్వయుజ, కార్తిక మాసములు వచ్చినవనగానే మన తీరప్రాంతమున ప్రతి యింటను ఒక దిగులు మొదలగును. చేను ఈని, పాలుపోసికొని, గింజ గట్టిపడి, పంట చేతికందబోవు వేళకే బంగాళాఖాతములో వాయుగుండము పుట్టుట మనకందరకు అనుభవమే. వెనుకటి తరమువారు మబ్బు వాలకమును, సముద్రపు హోరును, తూర్పు గాలిని చూచి రాబోవు దానిని ఊహించెడివారు. నేడు మీలో ప్రతివారి చేతిలోను ఫోను ఉన్నది. అందులో ఉపగ్రహము తీసిన మేఘముల బొమ్మ ఉన్నది. ఆ బొమ్మను చూపి, "ఇది హుద్‌హుద్ అంతటిదా? దివిసీమ ఉప్పెన అంతటిదా?" అని మీరు మమ్ము అడుగుచున్నారు.

అడుగవలసిన ప్రశ్నయే. కాని ఆ ప్రశ్నకు నేనొకమారు తప్పు సమాధానము చెప్పియున్నాను. ఆ సంగతితోనే ఈ ప్రసంగమును మొదలుపెట్టుదును.

2023వ సంవత్సరము డిసెంబరు మొదటి వారమున మిచాంగ్ తుపాను మన తీరమునకు వచ్చుచుండెను. నాకు తెలిసిన పెద్ద రైతు ఒకరు మూడెకరముల వరిచేను కోయించి పనలను చేనిలోనే ఆరవేసియుండిరి. ఆయన ఫోనులోని బొమ్మను నాకు చూపి, "మాస్టారూ, ఇది ఎంతటి తుపాను? పనలు ఎత్తించమంటారా, రెండు రోజులు చూడమంటారా? కూలీలు దొరకడం లేదు" అనిరి. నేను బొమ్మను నిదానముగ చూచితిని. మేఘముల మధ్య కన్ను స్పష్టముగ లేదు. "బాబాయిగారూ, ఇది హుద్‌హుద్ వంటిది కాదు, గాలి అంత ఉండదు, కంగారుపడకండి" అంటిని.

గాలి విషయమున నా మాట తప్పు కాలేదు. డిసెంబరు 5వ తేదీన బాపట్ల సమీపమున తీరము దాటునప్పుడు ఆ తుపాను గాలి గంటకు 90 నుండి 100 కిలోమీటర్లు మాత్రమే. కాని అది దక్షిణ కోస్తా తీరమును ఆనుకొని, ఇంచుమించు తీరముతోపాటే ఉత్తరముగ నడచి వచ్చినది. దారి పొడవున వాన కుమ్మరించినది. ఆయన పనలు నీట తేలి, గింజ మొలకెత్తినది. వాతావరణశాఖ ప్రకటనలో భారీ వర్షములని వ్రాసియే ఉండెను. బొమ్మ మీది ధ్యాసలో నేను దానిని లెక్కచేయలేదు. సంక్రాంతికి కలిసినపుడు ఆయన నన్ను నిందింపలేదు. "గాలి సంగతి మీరు చెప్పినట్టే అయింది మాస్టారూ. నీళ్ల సంగతి నేనూ అడగలేదు, మీరూ చెప్పలేదు" అనిరి. ఆ మాట నా మనసున నాటుకొన్నది. కనుక ఉపగ్రహ చిత్రము ఏమి చెప్పగలదో, ఏమి చెప్పజాలదో నేడు మీకు విడమరచి చెప్పదలచితిని.

ఉపగ్రహము తుపాను బలమును ఎట్లు కనిపెట్టును?

తుపాను నడిసముద్రమున ఉండగా దాని గాలిని కొలుచుట ఎవరి తరము? అక్కడ గాలిమరలు లేవు. ఓడలు దాని దారి నుండి తప్పుకొనును. అమెరికా దేశమువారు తమ తీరములకు వచ్చు తుపానులలోనికి విమానములను పంపి కొలుచుచున్నారు. మన బంగాళాఖాతమున అట్టి ఏర్పాటు వాడుకలో లేదు. తీరమునందలి రాడారులు తుపాను దగ్గరకు వచ్చిన పిమ్మటనే దానిని చూడగలవు. అంతవరకు మనకు ముఖ్యాధారము ఉపగ్రహమే.

మొదటి వాతావరణ ఉపగ్రహమును అమెరికావారు 1960వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ప్రయోగించిరి. నేడు మన దేశమునకు స్వంతముగ ఇన్‌శాట్ ఉపగ్రహములు కలవు. 2024వ సంవత్సరము ఫిబ్రవరిలో పైకి పంపిన ఇన్‌శాట్-3డీఎస్ వానిలో ఒకటి. ఇవి భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండి, భూమితోపాటు తిరుగుచు, ఎల్లప్పుడు మనవైపే చూచుచుండును. పగటివేళ వెలుగులో కనబడు బొమ్మను, రేయింబవళ్లు వేడిమిని బట్టి కనబడు బొమ్మను పంపును. ఈ రెండవదానిని పరారుణ చిత్రము అందురు.

బొమ్మను చూచి గాలి వేగమును లెక్కకట్టు పద్ధతిని వెర్నన్ ద్వోరక్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు రూపొందించి, 1975లో ప్రకటించి, 1984లో మరింత సవరించెను. నేటికిని ప్రపంచమంతట, మన వాతావరణశాఖలోను, ఇదియే వాడుకలో నున్నది. మీరు చేనిగట్టున నిలిచి, దుబ్బుల పిలకలను, వెన్ను బరువును, గింజ నిండుదనమును చూచి "ఎకరమునకు ఇన్ని బస్తాలు" అని అంచనా వేయుదురు కదా! ద్వోరక్ పద్ధతియు అట్టిదే. ఇందు చూడవలసిన గురుతులు నాలుగు.

మొదటిది మేఘముల చుట్టు. కవ్వముతో మజ్జిగ చిలుకునపుడు నురుగు మధ్యచుట్టు వంపు తిరుగునట్లు, మేఘపు పట్టీలు కేంద్రముచుట్టు వంపు తిరుగును. ఆ పట్టీ కేంద్రమును ఎంతవరకు చుట్టుకొన్నదో చూతురు. సగము చుట్టినదానికంటె పూర్తిగ చుట్టినది బలమైనది.

రెండవది మేఘపు కుదురు. మేఘము కేంద్రముపై సరిగా కూర్చుండవలెను. పైగాలులు మేఘమును ఒక ప్రక్కకు నెట్టి, కేంద్రము బయటపడియున్నచో, ఆ తుపాను ఇంకను నిలదొక్కుకొనలేదన్న మాట.

మూడవది మేఘపు చలి. గాలి ఎంత ఉధృతముగ పైకి లేచిన మేఘము అంత ఎత్తునకు పోవును. ఎంత ఎత్తునకు పోయిన దాని తల అంత చల్లబడును. బలమైన తుపానులలో మేఘపు తల సున్నకు దిగువ 70, 80 డిగ్రీల చలిలో ఉండును. పరారుణ చిత్రమునందు ఈ చలియే రంగుగ కనబడుచున్నది.

నాలుగవది కన్ను. తుపాను బాగుగ ముదిరినపుడు నట్టనడుమ గాలి పైనుండి క్రిందికి దిగును. దిగు గాలి వేడెక్కి, పొడిబారి, అక్కడి మేఘము విచ్చిపోవును. అదియే కన్ను. చుట్టును గుండ్రని చల్లని మేఘపు గోడ, నడుమ వెచ్చని శుభ్రమైన కన్ను ఉన్నచో, ఆ రెంటి వేడిమికి ఎంత తేడా ఉన్న గాలి అంత ప్రచండమని గ్రహింపవలెను.

ఈ గురుతులన్నిటిని బట్టి తుపానునకు 1 మొదలు 8 వరకు, అరకు అర చొప్పున, ఒక అంకె నిర్ణయింతురు. దానిని టీ సంఖ్య అందురు. అంకె 3.5 అయిన గాలి గంటకు సుమారు 100 కిలోమీటర్లు, 5 అయిన సుమారు 165, 6 అయిన సుమారు 210, 7 అయిన సుమారు 260. ఇది అంచనా అనుట మరువరాదు. ఇద్దరు నిపుణులు ఒకే బొమ్మను చూచి అర అంకె అటునిటుగ చెప్పవచ్చును.

మన వాతావరణశాఖ పేర్లు ఈ గాలిని బట్టి పెట్టినవే. గంటకు 62 కిలోమీటర్లు మొదలు తుపాను, 89 మొదలు తీవ్ర తుపాను, 118 మొదలు అతి తీవ్ర తుపాను, సుమారు 166 మొదలు అత్యంత తీవ్ర తుపాను, సుమారు 220 దాటిన పెను తుపాను, అనగా సూపర్ సైక్లోన్. ఇచట ఒక లెక్క గుర్తుంచుకొనుడు. గాలి వేగము రెండింతలైన అది చెట్టును నెట్టు బలము నాలుగింతలగును. గంటకు 90 కిలోమీటర్ల గాలికి నిలిచిన కొబ్బరిచెట్టు 180 కిలోమీటర్ల గాలికి కూడ నిలుచునని అనుకొనరాదు.

పోల్చుటలో జరుగు పొరపాట్లు

మొదటి పొరపాటు, మేఘము పెద్దదైన తుపాను బలమైనదనుకొనుట. బలము వేరు, వైశాల్యము వేరు. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణముగ తీరము దాటిన తుపానులో భీకరమైన గాలి వీచిన మేర చిన్నదే. అయినను కోనసీమలో కొబ్బరితోటలు వరుసలకు వరుసలుగ నేలకూలినవి. వేయిమందికి పైగా మరణించిరి.

రెండవది, రంగును చూచి భయపడుట, లేక రంగు లేదని ధైర్యపడుట. ఆ ఎరుపు, నలుపు, ఊదా రంగులు మేఘములలో లేవు. చలిని గుర్తించుటకు మనుష్యులు వేసినవి. ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున వేయుదురు. నేటి బొమ్మను, పదేండ్లనాటి బొమ్మను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చవలెనన్న, రెండును ఒకే విధమైన చిత్రములు కావలెను, రంగుల లెక్క ఒకటే కావలెను.

మూడవది, పేరును బట్టి పోల్చుట. 2013లో అక్టోబరు 12వ తేదీన గోపాలపురమువద్ద తీరము దాటిన ఫైలిన్, 2014లో అదే తేదీన విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్, రెండును ఆనాటి ప్రకటనలలో అతి తీవ్ర తుపానులే. ఏలననగా, అత్యంత తీవ్ర తుపాను అను మెట్టును 2015లో గాని చేర్చలేదు. నేటి లెక్కలో ఆ రెండును ఆ పై మెట్టున నిలుచును. మెట్ల లెక్క మారినపుడు పేర్లు పోల్చిన లాభము లేదు. గాలి వేగమునే పోల్చవలెను.

నాలుగవది, సముద్రముపై ఉన్న బలమునే తీరముపై కూడ ఉండునని తలచుట. 2020వ సంవత్సరము మే నెలలో వచ్చిన అంఫన్, 1999 నాటి ఒడిశా తుపాను తరువాత బంగాళాఖాతమున పుట్టిన మొదటి పెను తుపాను. కాని మే 20న పశ్చిమ బెంగాలు తీరము దాటునప్పటికి అది తగ్గి, గాలి గంటకు 155 నుండి 165 కిలోమీటర్లయినది. 1999 అక్టోబరు 29న ఒడిశాను తాకిన తుపాను అట్లు తగ్గలేదు. సుమారు 260 కిలోమీటర్ల గాలితో పారాదీప్ ప్రాంతముపై పడి, పదివేల ప్రాణములు తీసినది. తీరము దాటునప్పటి బలమే మనకు ముఖ్యము.

ఐదవది, వేరువేరు కొలతలను కలిపివేయుట. పసిఫిక్ మహాసముద్రమున 1979 అక్టోబరులో వచ్చిన టిప్ అను తుపానులోనికి విమానములు పోయి, గాలి ఒత్తిడిని 870 మిల్లీబారులుగ కొలిచినవి. సముద్రమట్టమున లోకములో ఇంతకు తక్కువ ఒత్తిడి కొలిచిన దాఖలా లేదు. 2013 నవంబరులో ఫిలిప్పీన్స్ దేశమును నాశనము చేసిన హైయాన్ నడిసముద్రమున ఉండగా విమానము పోలేదు. ఉపగ్రహ చిత్రమున దానికి 8, అనగా చిట్టచివరి అంకె, వేసిరి. ఈ రెంటిలో ఏది గొప్పది? ఒకటి కాటాపై తూచిన బస్తా, మరియొకటి కంటితో అంచనా వేసిన కుప్ప. వానిని తేల్చి చెప్పుట కష్టము. ఇంతేకాదు, ఆ హైయాన్ గాలినే జపానువారు గంటకు 230 కిలోమీటర్లనిరి, అమెరికావారు 315 అనిరి. జపానువారు పది నిమిషముల సగటు తీయుదురు, అమెరికావారు ఒక నిమిషపు సగటు తీయుదురు. అంచనాలోను తేడా కలదు. మన శాఖవారిది మూడు నిమిషముల సగటు. కనుక ఒకరి అంకెను మరియొకరి అంకెతో పోల్చి బెదరవద్దు, అదరవద్దు.

చిత్రము చెప్పని సంగతులు

ఇంతవరకు చెప్పినది గాలిని గురించి మాత్రమే. కాని తుపాను మనలను మూడు విధముల దెబ్బతీయును: గాలి, ఉప్పెన, వాన. టీ సంఖ్య మొదటిదానిని మాత్రమే చెప్పును.

1977 నవంబరు 19న దివిసీమలో ఏమి జరిగినదో పెద్దలు ఎరుగుదురు. అచట ఎక్కువ ప్రాణములు తీసినది సముద్రము. ఐదు మీటర్ల వరకు లేచిన ఉప్పెన నేలమీదికి పొరలినది. సుమారు పదివేలమంది పోయిరి. ఉప్పెన ఎత్తు గాలి బలమును బట్టియే కాక, సముద్రపు లోతును, తీరపు వంపును, ఆటుపోట్ల వేళను, తుపాను వచ్చు దిక్కును బట్టి యుండును. మన తీరమునకు తూర్పునుండి వచ్చు తుపాను ఎచట తీరము దాటునో ఆ చోటికి ఉత్తరపు ప్రక్కన గాలి సముద్రమునుండి నేలపైకి వీచును. ఉప్పెన భయము ఆ ప్రక్కన ఎక్కువ. దక్షిణపు ప్రక్కన గాలి నేలనుండి సముద్రముపైకి పోవును.

ఇక వాన. తుపాను నెమ్మదిగ నడచిన కొలది ఒకేచోట వాన ఎక్కువ కురియును. గాలి తగ్గి వాయుగుండముగ మారిన పిమ్మట కూడ వాన తగ్గనవసరము లేదు. బొమ్మలో తుపాను చెదరిపోయినదని మనము నిశ్చింతపడు సమయముననే చేలు మునుగును. నాకు మిచాంగ్ నేర్పిన పాఠము ఇదియే.

మీరు అడుగవలసిన ప్రశ్నలు, చేయవలసిన పనులు

కనుక "ఇది పెద్ద తుపానా?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరకుండరాదు. ఐదు ప్రశ్నలు అడుగుడు. తీరము దాటునప్పుడు గాలి వేగమెంత? ఎచట దాటును, మన ఊరు దానికి ఏ ప్రక్కన ఉన్నది? ఉప్పెన ఎంత ఎత్తు అనుచున్నారు? వాన ఎంత, ఎన్ని రోజులు? అది ఎంత వేగముగ నడచుచున్నది? ఈ ఐదింటికి సమాధానములు వాతావరణశాఖ ప్రకటనలో ఉండును. బొమ్మను చూడుడు, కాని ప్రకటనను చదివి పని చేయుడు.

చేను కోతకు వచ్చి, వానకు రెండు మూడు రోజుల వ్యవధి ఉండి, కోసిన ధాన్యమును భద్రపరచు వీలున్నచో వెంటనే కోయుడు. వ్యవధి లేనిచో కోయవద్దు. నిలిచిన చేను పడినను కొంత దక్కును, నేలపై పరచిన పన నీట మునిగిన దక్కదు. కోసిన పనలున్నచో ఆరినంతవరకే చాలునని, మెరక తావున కుప్పవేసి బరకములు కప్పి మోకులతో బిగించుడు. చేలలో నీరు నిలువకుండ గట్లకు గండ్లు కొట్టి, మురుగు బోదెలను ముందే బాగుచేయుడు.

పనలు గాని, పడిపోయిన చేను గాని తడిసినచో, గింజ మొలకెత్తకుండ లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నులు బాగుగ తడియునట్లు పిచికారి చేయుడు. నూర్చిన ధాన్యము తడిసి ఎండ లేనిచో, క్వింటాలునకు ఒక కిలో ఉప్పును, 20 కిలోల పొడి ఊకను కలిపి కుప్పవేసిన కొన్ని దినములు చెడకుండ ఆగును. ఎండ రాగానే తూర్పారబట్టి ఎండబెట్టవలెను.

గాలి ఎక్కువని ప్రకటించినపుడు, పక్వమైన అరటి గెలలను, ముదిరిన కొబ్బరికాయలను ముందే దింపుకొనుడు. మిగిలిన అరటిచెట్లకు వెదురు ఊతములు కట్టుడు. ఉప్పునీరు చేలలోనికి వచ్చినచో దానిని త్వరగా తీసివేసి, మంచినీరు పెట్టి తీసి, రెండు మూడు మారులు నేలను కడుగుడు. మట్టిని పరీక్ష చేయించి గాని తరువాతి పైరు వేయవద్దు.

ఉప్పెన హెచ్చరిక వచ్చినపుడు మాత్రము పంటను తలచుకొని ఇల్లు పట్టుకొని కూర్చుండవద్దు. పశువుల పలుపులు విప్పి మెరకకు తోలి, పిల్లలతోను, ముసలివారితోను తుపాను రక్షణ భవనమునకు చేరుడు. గాలి హఠాత్తుగ ఆగి ఆకాశము తెరిపి ఇచ్చినచో తుపాను పోయినదని బయటికి రావద్దు. అది కన్ను మీ ఊరిపైకి వచ్చుట కావచ్చును. కొంతసేపటికి గాలి ఎదురు దిక్కునుండి అదే బలముతో తిరిగి వీచును. బొమ్మలో అంత అందముగ కనబడు ఆ కన్ను క్రింద నిలిచినవారికి అంతకు మించిన ప్రమాదము లేదు.

సోదరులారా! 36,000 కిలోమీటర్ల ఎత్తునుండి చూచు ఉపగ్రహమునకు తుపాను గుండెలోని గాలి తెలియును గాని, మీ చేనిలో పనలున్నవో కుప్పయున్నదో తెలియదు. మీ చేను పల్లమో మెరకో తెలియదు. అవి మీకు తెలియును. దాని తెలివిని, మీ తెలివిని కలిపినపుడే నష్టము తగ్గును. ఈసారి మీలో ఎవరైన నాకు ఫోనులో బొమ్మ చూపి ఎంతటి తుపానని అడిగినచో, మీ చేను ఏ స్థితిలో ఉన్నదని నేను ముందుగ అడుగుదును. ఆ తరువాతనే బొమ్మను చూతును.